బోర్లించిన అద్దం

జనవరి 23, 2011. ఆదివారం

ఈ డైరీకి తాళం లేదు, అవసరమూ లేదు. ఈ ఇంట్లో అందరూ తెలుగులోనే మాట్లాడతారు, తెలుగులోనే తిట్టుకుంటారు, కాని అక్షరం చదవగలిగింది నేనొక్కతెనే. నా కొడుకు గోవిందరాజు ఈ తమిళనాడులోనే పుట్టి గుడియాత్తంలో తమిళం చదివాడు, వేలూరులో ఇంగ్లీషు చదివాడు. తెలుగెందుకురా వదిలేశావంటే, "సినిమా చూస్తే సరిపోతాది లేమ్మా" అన్నాడు. సరిపోయింది. ఇక్కడ వాణ్ణి ఎంత తిట్టినా వాడికి తెలియదు.

ఇవ్వాళ తిట్టడానికి కారణం: మా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో, ఆడవాళ్ళు పెట్టెలు నింపే హాల్లో, అద్దం ఎక్కింది.

అద్దం నా మనవరాలు మంగ తయారుచేసింది. దాని పూర్తి పేరు అలమేలుమంగ. కాట్పాడిలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, ఇది దాని ప్రాజెక్టు. ఒక గాజు గొట్టంలో కింద కెమెరా, పైన బోర్లించిన గిన్నెలాంటి అద్దం. కెమెరా ముఖం పైకెత్తి అద్దాన్ని చూస్తుంది. అద్దం నాలుగు గోడలనూ ఒక్కసారే చూస్తుంది. మామూలు కెమెరాలైతే ఎనిమిది కావాలి, ఇది ఒక్కటి చాలు. అల్యూమినియం కడ్డీని లేతు మీద తిప్పించి, మెరుగు పెట్టించింది. ఆ వంపు ఎంత ఉండాలో లెక్క కట్టింది మాత్రం నేను. అతిపరావలయం. మూడు రోజులు పట్టింది. డెబ్బై మూడేళ్ళకు నా లెక్క తప్పలేదు. ఈ సంగతి ఎవరూ అనలేదు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

నేను లెక్క కట్టింది పిల్ల చదువు కోసం. గోవిందరాజు దాన్ని పనివాళ్ళ నెత్తిమీద వేలాడదీశాడు.

"ప్రాజెక్టు అయిపోయినాక దించేస్తాములేమ్మా" అన్నాడు. వీడు దించిన వస్తువు నేనింతవరకు చూడలేదు.

జనవరి 27

గోవిందరాజు ఆఫీసు గదిలో ఆ కెమెరా తీసే బొమ్మ చూశాను. దోసెలా గుండ్రంగా ఉంది. అంచుల్లో గోడలు, గోడలకు ఆనుకుని ఆడవాళ్ళు, ఒక్కొక్కరు ఆవగింజంత. నట్టనడుమ నల్లటి చుక్క. అదేమిటంటే కెమెరాయేనట. హాలంతా చూస్తూ మధ్యలో తన ముఖం తనే చూసుకుంటోంది.

ఇంకో వింత కనిపెట్టాను. అందరి పైటా కుడి భుజం మీద ఉంది! మా సుబ్బమ్మలూ లక్ష్మీదేవులూ రాత్రికి రాత్రి కుడి పైట వేసుకునే సేట్ల కోడళ్ళయిపోయారు. నవ్వు ఆగలేదు. అద్దం కదా, కుడిని ఎడమ చేస్తుంది. మంగ రాసిన ప్రోగ్రాం ఆ గుండ్రటి బొమ్మను విప్పి, తిప్పి, పొడుగాటి పట్టీగా పరుస్తుంది. అప్పుడు పైటలు వాటి భుజాలకు వెళతాయి. గోవిందరాజుకు అంత ఓపిక లేదు, గుండ్రంగానే చూస్తాడు.

ముప్పై నాలుగేళ్ళు వేలూరులో ఆడపిల్లల బడిలో తొమ్మిదో తరగతికి పార్శ్వ విలోమం చెప్పాను. ఇంత మంచి ఉదాహరణ ఒక్కటీ దొరకలేదు.

ఫిబ్రవరి 3

ఇందుకా నేను లెక్క కట్టింది?

గోవిందరాజు, మేస్త్రీ ధర్మలింగం ఇద్దరూ ఆ బొమ్మ ముందు కూర్చుని ఏ ఆడమనిషి ఎన్నిసార్లు దొడ్డికి వెళ్ళిందో చూస్తున్నారు. రెండుసార్లు లేచిన ఇద్దరిని పిలిచి అడిగారట. ధర్మలింగం మేస్త్రీయే కాదు, యూనియన్ ప్రెసిడెంటు కూడా. పని చేయించేవాడూ పనివాళ్ళ తరఫున పోరాడేవాడూ ఒక్కడే కావడం వల్ల ఇక్కడ చర్చలు చాలా తొందరగా ముగుస్తాయి. చొక్కా జేబులో పార్టీ నాయకుడి ఫోటో, పెదవి మీద స్త్రీ విముక్తి.

"ఆత్మగౌరవం అని నీ మీటింగుల్లో అరుస్తావే, అది దొడ్డి గుమ్మం దగ్గర ఆగిపోతుందా?" అని అడిగాను.

"టీచరమ్మా, మీకు కోపం ఎక్కువ. ఇది సేఫ్టీకి" అన్నాడు.

సుబ్బమ్మ ఒక్కతే ఆ గొట్టం కింద నిలబడి తల ఎత్తి చూసి, "ఏం సామీ, బాగుండావా?" అని పలకరించి పోతుందట రోజూ. పరదరామి ఊరి మనిషి. ఇరవై రెండేళ్ళుగా మా దగ్గర ఉంది. పుర్రచెయ్యి, అంటే ఎడమచేతి వాటం. హాల్లో అలాంటిది అదొక్కతే. ధర్మలింగం తమిళంలో 'పీచాంకై' అని పిలుస్తాడు. అది నింపిన పెట్టెలో పుల్లల తలలు అందరివీ ఉన్నవైపు ఉండవు. పెట్టె తెరవగానే తెలుస్తుంది సుబ్బమ్మదని. వేగంలో మాత్రం ఎవరూ దాని దరిదాపులకు రారు.

నా క్లాసులో ఇలాంటి పిల్ల ఉంటే స్కేలుతో కొట్టేదాన్ని. అప్పట్లో అందరూ కొట్టేవారు.

ఫిబ్రవరి 17

ఫ్యాక్టరీలో మంట. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. నేను మధ్యాహ్నం అద్దానికి దుమ్ము పట్టిందేమోనని వెళ్ళి చూసి వచ్చాను. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 18

భోజనాల వేళ. ఆడవాళ్ళంతా బయట వేపచెట్టు కింద సద్దులు విప్పుకున్నారు. హాలు ఖాళీ. మందు ముంచి ఆరబెట్టిన పుల్లల ట్రేలు ఉత్తరం గోడ వారగా పేర్చి ఉన్నాయి. అందులో ఒకటి భగ్గుమంది. సుబ్బమ్మ అందరికంటే ముందు పరిగెత్తి, తొట్టిలో గోనెపట్టా ముంచి, దాంతో కొట్టి కొట్టి ఆర్పింది. రెండు ట్రేలు పోయాయి. దాని ఎడమ చెయ్యి మణికట్టు దాకా కాలింది. గవర్నమెంటు ఆసుపత్రిలో కట్టు కట్టారు.

ట్రేలు ఎందుకు అంటుకుంటాయో ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. మందు పుల్లల ట్రేని ఎత్తి పెట్టాలి, లాగకూడదు. లాగితే రాసుకుంటుంది, రాసుకుంటే అంటుకుంటుంది. అందుకే మావారు ఫ్యాక్టరీ పెట్టినప్పుడు గోడ మీద తమిళంలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాయించాము: ఎత్తు, లాగకు. ఆ వాక్యం నాదే. అంతకంటే పొట్టిగా ఎవరూ రాయలేరు.

అయినా ఎవరో లాగారు. ఈ మనుషులకు ఎంత చెప్పినా ఇంతే.

ఫిబ్రవరి 20, ఆదివారం

ఇల్లంతా అరుపులు. సగం నావి.

కెమెరా రెండు నిమిషాలకొక ఫోటో తీస్తుంది. మంటకు ముందు ఫోటో గోవిందరాజు స్టూడియోలో పెద్దది చేయించి తెచ్చాడు. దోసె సైజు ఇప్పుడు పళ్ళెం అయింది. అంచున ట్రేల దగ్గర ఒక చీర కట్టిన మనిషి వంగి ఉంది. ముఖం లేదు, మచ్చ. ఒక చెయ్యి చాచి ట్రే అంచు పట్టుకుంది. మూలన టైము 12:51.

"ఏ చెయ్యి అది, చూడండి" అన్నాడు ధర్మలింగం. "ఎడమ చెయ్యి. ఈ హాల్లో పీచాంకై ఎవరు?"

"నడుము కాడ ఏదో దాచిపెట్టుకోనుండాది, చూడు" అన్నాడు గోవిందరాజు.

"కాలింది కూడా ఎడమ చెయ్యే సార్. ఇంకేం కావాల?"

సుబ్బమ్మను పనిలోంచి తీసేశారు. నిర్లక్ష్యం అని కాగితం మీద రాశారు. ఆ కాగితంతో ఈ చుట్టుపక్కల ఏ అగ్గిపెట్టెల కంపెనీ దాన్ని గడప తొక్కనివ్వదు. అందరికంటే ముందు పరిగెత్తింది కాబట్టి అదే తప్పు చేసిందట! అంత దగ్గర ఎందుకుందట! నిప్పు చూసి పరిగెత్తని వాళ్ళంతా నిర్దోషులు, ధర్మలింగంతో సహా. వాడు నిప్పు ఆరాక గంటకు వచ్చాడు.

నేను అరిచాను. ప్రింటు నాసిగా ఉందని అరిచాను. ఒక్క ఫోటో చూసి మనిషి పొట్ట కొడతారా అని అరిచాను. ధర్మలింగాన్ని ద్రోహి అన్నాను. "అయితే ఇది ఎవరమ్మా, నువ్వే చెప్పు?" అన్నాడు గోవిందరాజు. వాడితో మాట్లాడడం దండగ అని లోపలికి వచ్చేశాను.

ఫిబ్రవరి 22

నేను పన్నెండున్నరకే ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 25

సుబ్బమ్మ మొగుడు చెంగల్రాయలు పరదరామి నుంచి వచ్చాడు. చెప్పులు వీధిలోనే విడిచి, వసారాలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెద్దమ్మా, దానిది పుట్టినప్పట్నించీ పుర్రచెయ్యి. అన్నం కుడిచేత్తో తినేదానికి దాన్ని వాళ్ళమ్మ ఎంత కొట్టిందో. పెండ్లిలో తాంబూలం ఆ చేత్తో అందిచ్చిందని మా యత్తలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే చేత్తో మీ మంట ఆర్పినాది. ఇప్పుడు ఆ చెయ్యే సాక్షి అంటా ఉండారు."

కాఫీ ఇచ్చాను. సత్తువాచారిలో లేబర్ ఆఫీసుకు అర్జీ పెట్టమన్నాను. ఎలా రాయాలో చెప్పాను. ఎలా రాయాలో చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

"పెట్టినాం. దాంట్లో ఫోటో ఉండాది కదా అంటారు. ఫోటో అబద్ధం చెప్తాదా పెద్దమ్మా?"

"ఫోటో ఫోటోయే కదప్పా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అతను గ్లాసు కడిగి, బోర్లించి వెళ్ళాడు. మా ఇంట్లో తాగిన గ్లాసు కడగమని ఎవరు చెప్పారు ఇతనికి? మహా కోపం వచ్చింది.

మార్చి 1

ఎన్నికల తేదీ ప్రకటించారు. ఏప్రిల్ పదమూడు. ఫ్యాక్టరీ గోడకు ఒకవైపు ఒక పార్టీ గుర్తు సూర్యుడు, ఇంకోవైపు ఇంకో పార్టీ గుర్తు రెండాకులు. ఇంటింటికీ ఉచిత కలర్ టీవీ వచ్చింది, చూడడానికి కరెంటు రాలేదు. ధర్మలింగం తోరణాలు కడుతున్నాడు. యూనియన్ తరఫున సుబ్బమ్మ సంగతి అడిగితే, "ఎలెక్షన్ అయిపోనీండి టీచరమ్మా, పార్టీ చూసుకుంటాది" అన్నాడు. దాన్ని తీయించిందే వీడు!

సుబ్బమ్మ అర్జీ విచారణ పదిహేనో తేదీకి వేశారు. ఆఫీసరుకు తరవాత ఎలెక్షన్ డ్యూటీ ఉందట, ఆ రోజే తేల్చేస్తారు.

మార్చి 6, ఆదివారం

మంగ వచ్చింది. తండ్రి ఇంట్లో లేడు. కంప్యూటర్ తెరిచి, "అవ్వా, నాయన స్టూడియోకి ఇచ్చింది గుండ్రం బొమ్మే కదా? తిప్పకుండానే?" అంది.

"ఏమో నాకేం తెలుసు" అన్నాను.

అది నా వంక చూసింది. లెక్క కట్టిన మనిషికి తెలియదా అని అడగలేదు. ప్రోగ్రాం నడిపింది. గుండ్రటి బొమ్మ విప్పుకుని, తిరిగి, పట్టీ అయింది. పైట ఎడమ భుజానికి వచ్చింది. చాచిన చెయ్యి కుడి చెయ్యి అయింది.

"సుబ్బమ్మక్క కాదు అవ్వా! కుడి చెయ్యి!" అని ఎగిరింది. తరవాత పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. నడుము దగ్గర దాచిపెట్టుకున్నదేమిటో చూసింది. భుజం నుంచి వేలాడుతున్న గుడ్డసంచి. పనివాళ్ళు హాల్లోకి సంచి తీసుకెళ్ళకూడదు. ఆ సంచి కాట్పాడి స్టేషన్ బయట మంగే కొని ఇచ్చింది, నా కళ్ళజోడు, రుమాలు, అద్దం తుడిచే మెత్తటి గుడ్డ పెట్టుకోవడానికి.

కంప్యూటర్ మూసేసింది.

"కాఫీ పెట్టేదా అవ్వా?" అంది.

బస్సెక్కేటప్పుడు మాత్రం, "పదిహేనో తేదీ నాకు వైవా ఉండాది, రాలేను. నాయనకు నేనేం చెప్పను. నువ్వు పోతావు కదా?" అంది. ఎంత పొగరు! వేలెడంత ఉన్నప్పుడు ఎక్కాలు నేర్పింది నేను.

మార్చి 9

పన్నెండూ ముప్పావు అయి ఉండొచ్చు. మా గోడ గడియారం ముందు నడుస్తుంది. కంప్యూటర్ గడియారం సరైనదని ఎవరు చెప్పారు?

మార్చి 12

పప్పు మాడ్చిందని వంటమనిషిని తిట్టాను. మాడలేదు.

మార్చి 15, మంగళవారం

పొద్దున్నే ఇంట్లో చెప్పకుండా బస్సెక్కాను. సంచిలో అలంకారానికి వాడే చేతి అద్దం పెట్టుకున్నాను. సత్తువాచారిలో కలెక్టరాఫీసు గేటు దగ్గర పోలీసులు ఎన్నికల వాహనాలను ఆపి చూస్తున్నారు. నన్ను ఎవరూ ఆపలేదు. ముసలివాళ్ళ సంచిలో ఏముంటుందని.

ఆఫీసరు నలభై ఏళ్ళ ఆడమనిషి, తమిళావిడ, చురుగ్గా ఉంది. ఎదురుగా బల్ల మీద ఆ పళ్ళెం సైజు ఫోటో. ఒకవైపు గోవిందరాజు, ధర్మలింగం. ఇంకోవైపు సుబ్బమ్మ, చెంగల్రాయలు. సుబ్బమ్మ ఎడమ చెయ్యి కట్టుతో పైటలో చుట్టుకుని ఉంది.

"అమ్మా! నువ్వెందుకొచ్చినావు ఈడికి?" అన్నాడు గోవిందరాజు.

"లెక్క కట్టింది నేను కదరా" అన్నాను.

ఆఫీసరును అడిగాను: "ఈ ఫోటోలో ఉన్న ఆవిడ పైట ఏ భుజం మీద ఉంది?"

ఆమె దగ్గరికి లాక్కుని చూసింది. "కుడి."

"సుబ్బమ్మ పైట?"

"ఎడమ."

"మీది?"

ఆమె నవ్వింది. ఫోటో పక్కన నా చేతి అద్దం నిలబెట్టాను. "ఇది అద్దంలోంచి తీసిన ఫోటో. అద్దంలోంచే చూడాలి. ఇప్పుడు చూడండి."

ఆమె చూసింది. పైట చూసింది, చెయ్యి చూసింది. తల పక్కకు వంచి ఇంకోసారి చూసింది. "కుడి చెయ్యి" అంది. "అప్పుడు ఈమె కాదు."

ధర్మలింగం, "సార్... మేడమ్, కుడి చెయ్యి అయితే హాల్లో ముప్పై ఐదు మందిలో ఎవరైనా కావచ్చు" అన్నాడు. అంటే ఇంకో ఆడదాన్ని వెతకడానికి సిద్ధంగా ఉన్నాడన్నమాట.

"మరి ఇది ఎవరమ్మా?" అని ఆఫీసరు నన్నే అడిగింది.

గోవిందరాజు లేచాడు. నా సంచి వంక చూస్తున్నాడు. వాడు తెలివితక్కువవాడు కాదు, ఎప్పుడూ కాదు. "అమ్మా, చాలు, పోదాం రా" అన్నాడు మెల్లగా. చిన్నప్పుడు జ్వరంలో పిలిచినట్టు పిలిచాడు.

సంచి భుజం మీద నుంచి తీసి ఫోటో పక్కన పెట్టాను.

"నేనే" అన్నాను. "వెనక వాకిట్లోంచి అద్దం కిందికి పోవడానికి ట్రే అడ్డమొచ్చింది. ఎత్తడానికి నా మణికట్టులో బలం లేదు. లాగాను."

ఆఫీసరు రాసుకుంది. "మీకు ఈ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"ఈ మధ్యే" అన్నాను. "మనవరాలు ఫోటో తిప్పి చూపించాక."

అది కూడా రాసుకుంది. తీసేసిన కాగితం చెల్లదని, చెయ్యి మానే వరకు జీతంతో సెలవు ఇవ్వాలని గోవిందరాజుతో సంతకం పెట్టించింది. వాడు పెట్టాడు. నావైపు చూడలేదు.

బయట బస్టాపులో సుబ్బమ్మ నా పక్కన కూర్చుంది. చెంగల్రాయలు దూరంగా నిలబడ్డాడు. అది కృతజ్ఞతలు చెబుతుందని, నేను వద్దులే అనాలని అనుకున్నాను. ఏం అనాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"మీరని నాకు ఆ దినమే తెలుసు టీచరమ్మా" అంది. "నేను తొట్టి కాడ చెయ్యి కడుక్కుంటా ఉండా. మీరు ఎనక వాకిలి ఏసుకోని పోతా ఉంటే చూసినా."

సిద్ధం చేసుకున్న మాటలు పక్కన పెట్టాను.

"మరి చెప్పలేదేమే?"

"నేను చెప్తే ఎవురు నమ్ముతారు? ఓనరమ్మ మింద పెట్టినాది అంటారు." కట్టు సర్దుకుంది. "అదీ గాక, మీరే చెప్తారని ఎదురుచూస్తా ఉండా. దినామూ. పొద్దు మునిగినాక, ఈ పొద్దు కూడా రాలేదే అని మా ఆయనతో అనేదాన్ని."

పరదరామి బస్సు వచ్చింది. కుడిచేత్తో కమ్మీ పట్టుకోబోయి, అలవాటు లేక తడబడి, ఎక్కింది.

మార్చి 16

అద్దం దించేశారు. గొట్టంతో సహా నా గది ముందు పెట్టి వెళ్ళాడు గోవిందరాజు. మంగ ఫోన్ చేసింది, వైవా బాగా చేసిందట. వంపు లెక్క ఎవరు కట్టారని అడిగితే మా అవ్వ అని చెప్పిందట. నాకు కోపమే వచ్చింది. ఎందుకో తెలియలేదు.

సుబ్బమ్మను చెయ్యి మానాక పనిలోకి రమ్మని మనిషిని పంపారు. "చెయ్యి మాననీ, చూస్తాము" అందట. అనాలి మరి.

ఫిబ్రవరి పదిహేడు పేజీ తీశాను. 'వెళ్ళి చూసి వచ్చాను' అని నా చేతిరాతే, గుండ్రంగా, ఒక్క అక్షరం వణకలేదు. ఈ ఇంట్లో దీన్ని చదవగలిగింది నేనొక్కతెనే. మరి ఎవరికోసం రాశాను అలా?

కొట్టేశాను. పైన రాశాను:

ట్రేని లాగాను. వెనక వాకిలి వేస్తుండగా లోపల బుస్సుమన్న చప్పుడు విన్నాను. ఏమిటో నాకు తెలుసు. ఇంటికి నడిచాను.